గుర్రం పిరికిది కాదు, ముందు నోరు చూపించండి

ప్రశ్న: మూడు నెలల కిందట ఐదేళ్ల పొట్టిజాతి మగ గుర్రాన్ని తెచ్చుకున్నాం. చాలా పిరికిది. కళ్లెం చూపిస్తే తల పైకెత్తి వెనక్కి జరిగిపోతుంది. ప్లాస్టిక్ సంచి ఎగిరితే తాడు తెంచుకున్నంత పని చేస్తుంది. గడ్డి నమిలి నమిలి ముద్దలుగా కింద పడేస్తోంది. బెదురు వల్లే తిండి సయించడం లేదనుకుని పాడి పశువుల దాణా రోజుకు రెండు కిలోలు పెడుతున్నాం. మందుల షాపాయన బెదురు తగ్గడానికి ఒక పొడి ఇచ్చాడు, దానితో తగ్గకపోతే మత్తు మాత్రలు ఇస్తానంటున్నాడు. వాడవచ్చా? పిల్లలు ఎక్కేలా మచ్చిక చేసుకోవడం ఎలా?

జవాబు: వాడకూడదు. మచ్చిక సంగతి తర్వాత. ముందు ఆ దాణా బస్తాను గుర్రానికి అందకుండా తీసేయండి.

పాడి దాణాలోనూ కోళ్ల దాణాలోనూ మోనెన్సిన్ అనే మందు కలపడం మామూలే. ఆ మోతాదు ఆవుకు ఏమీ చేయదు. గుర్రానికి మాత్రం గుండె కండరాన్నే దెబ్బతీస్తుంది. కిలో బరువుకు 2 నుంచి 3 మిల్లీగ్రాములు వెళితే ప్రాణం పోవచ్చు. మీ పొట్టి గుర్రం 185 కిలోలుందనుకుంటే అర గ్రాము చాలు. దీనికి విరుగుడు మందు లేదు. ‘మూడు నెలలుగా తింటోంది, ఏమీ కాలేదు కదా’ అనకండి. ఏ బస్తాలో ఎంత కలిసిందో మీకు తెలియదు, అమ్మినాయనకూ తెలియదు. ఇలాంటిదే ఇంకొకటి: ఆవుల పిడుదులకు కొట్టే అమిట్రాజ్ మందు గుర్రానికి కొట్టకండి. పేగుల కదలిక మందగించి కడుపు శూల వస్తుంది. ఆవుకు పనికొచ్చింది గుర్రానికీ పనికొస్తుందని చెప్పేవాళ్ల మాట వినకండి.

ఇక అసలు సంగతి. గడ్డిని నమిలి ముద్దలుగా పడేయడం భయం లక్షణం కాదు, పంటి నొప్పి లక్షణం. మీ ఉత్తరంలో అన్నిటికన్నా ముఖ్యమైన ముక్క అదే, మీరు దాన్ని మధ్యలో ఎక్కడో రాశారు. గుర్రం పళ్లు అరుగుతూ, అరిగినంత మేర పైకి వస్తూ ఉంటాయి. అరుగుదల సమంగా లేకపోతే పై దవడ పళ్ల బయటి అంచు, కింది దవడ పళ్ల లోపలి అంచు కత్తిలా తేలతాయి. పైవి బుగ్గను కోస్తాయి, కిందివి నాలుకను కోస్తాయి. అలాంటి నోటికి కళ్లెం బిగిస్తే తల ఎత్తక ఏం చేస్తుంది? పైగా ఐదేళ్లంటే పాల పళ్లు ఊడి శాశ్వత పళ్లు రావడం అప్పుడప్పుడే పూర్తయ్యే వయసు. దవడ పళ్ల ముందు చిన్న అదనపు పన్ను ఉండి, కళ్లెం ఇనుము దానికి తగులుతున్నా ఇదే వరస.

బుగ్గ మీద పైవరస పళ్ల వెంట బొటనవేలితో మెల్లగా నొక్కి చూడండి. చటుక్కున తల లాక్కుంటే అనుమానం బలపడినట్టే. లోపల చేయి పెట్టి చూసే పని మాత్రం మీది కాదు, వేలు పోతుంది. పశువైద్యుడు నోరు తెరిచి ఉంచే పరికరం పెట్టి, దీపం వేసి చూసి, పదునైన అంచులను ఆకురాయితో అరగదీస్తారు. ఆ తర్వాత కనీసం 10 రోజులు, బుగ్గలో పుండు ఉంటే అది మానేదాకా కళ్లెం పెట్టవద్దు. ఆపైన ఏడాదికి ఒకసారి పళ్లు చూపించండి. పనిలో పనిగా రెండు కళ్లూ, వెన్నూ చూడమనండి. ఒక పక్క నుంచి వచ్చిన వస్తువుకే బెదురుతుంటే ఆ పక్క కన్ను సరిగా లేదేమో చూడాలి.

మేత: గుర్రం కడుపులో ఆమ్లం తిన్నా తినకపోయినా ఊరుతూనే ఉంటుంది. నాలుగైదు గంటలకు మించి ఖాళీ కడుపుతో ఉంచకండి. శరీర బరువులో 1.5 నుంచి 2 శాతం ఎండు గడ్డి రోజూ అందాలి. 185 కిలోల గుర్రానికి అది సుమారు 2.8 నుంచి 3.7 కిలోలు. మూడు నాలుగు విడతలుగా వేయండి, బూజు పట్టింది వద్దు. పనిచేయని పొట్టి గుర్రానికి గింజలు అక్కరలేదు. గింజలు ఎక్కువైతే ఒళ్లు కుదురుగా ఉండదు, అది చూసి మీరు బెదురనుకుంటారు. గిట్టల వాపు అదనం. బరువు తెలియకపోతే ముందు కాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత, భుజం మొన నుంచి పిరుదు చివరి వరకు పొడవు సెంటీమీటర్లలో తీయండి. చుట్టుకొలతను చుట్టుకొలతతో, మళ్లీ పొడవుతో గుణించి 11,880తో భాగిస్తే కిలోలు వస్తాయి. కడుపులో నులిపురుగులకు వేసే మందు మోతాదుకూ ఈ లెక్కే వాడాలి. కంటి అంచనాతో పోయకండి.

మత్తు మాత్ర గురించి ఒక మాట. మగ గుర్రాలకు కొన్ని మత్తు మందులు పడితే అంగం బయటికి జారి, మళ్లీ లోపలికి పోకుండా శాశ్వతంగా చెడిపోయే ప్రమాదం ఉంది. అది షాపు కౌంటర్ మీద తేల్చే విషయం కాదు. ఆ పొడితో పంటి నొప్పి తగ్గదు, దాన్ని ఆపేయండి.

నోరు బాగయ్యాక మచ్చిక మొదలుపెట్టండి. రోజుకు రెండుసార్లు పదేసి నిమిషాలు చాలు. గంటసేపు పట్టుకుని లాగితే నేర్చుకునేది విసుగు ఒక్కటే. గుర్రానికి నుదుటి ముందు, తోక వెనక కనపడదు. మాట్లాడుతూ భుజం వైపు నుంచి వెళ్లి మూపు దగ్గర గోకండి, ముఖం మీద తట్టకండి. తలకు తలతాడు వేసి ఉంచండి కానీ తాడును చేతికి చుట్టుకోకండి.

సంచి బెదురు ఇలా పోగొట్టాలి. సంచిని కర్రకు కట్టి పది పన్నెండు అడుగుల దూరంలో ఒకరిని పట్టుకోమనండి. గుర్రం చెవులు నిక్కించి బిగుసుకుంటే ఆ మనిషి అక్కడే కదలకుండా నిలబడాలి. ఎప్పుడైతే అది తల కొంచెం దించిందో, పెదవులు నాకిందో, ఊపిరి వదిలిందో, ఆ క్షణంలోనే సంచిని వెనక్కి తీయాలి. అందరూ తప్పు చేసేది ఇక్కడే. గుర్రం ఎగిరినప్పుడు సంచి తీసేస్తారు. ఎగిరితే భయం పోతుందని మీరే పాఠం చెప్పినట్టు! రెండో రోజు ఒక అడుగు దగ్గరికి, అంతే. ఎడమ పక్క అలవాటైంది కదా అని కుడి పక్కకు నేరుగా వెళ్లకండి. కుడి వైపు మొదటి నుంచి మళ్లీ నేర్పాలి. నేను ఇది ఒక తన్నుతో నేర్చుకున్నాను. స్తంభానికి కట్టేసి సంచులు ఊపే పద్ధతి చెప్పేవాళ్లుంటారు, మెడ విరుగుతుంది, చేయకండి. ఒంటరిగా ఉంచినా బెదురు తగ్గదు. కనుచూపు మేరలో ఇంకో గుర్రమో, కనీసం మేకో ఉండనివ్వండి.

గిట్టలు 6 నుంచి 8 వారాలకోసారి చెక్కించండి. ధనుర్వాతం టీకా వేయించారో లేదో రాయలేదు. వేయించకపోతే ఇప్పుడొకటి, 4 నుంచి 6 వారాలకు రెండోది, తర్వాత ఏటా ఒకటి. గుర్రాలు ఈ రోగానికి చాలా తేలిగ్గా లొంగిపోతాయి.

పళ్లు చూపించాక, గుర్రం తన చోట ప్రశాంతంగా ఉన్నప్పుడు దవడ కింద నాడి పట్టుకుని నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటుందో లెక్కపెట్టి, బరువుతో పాటు రాసి పంపండి. 30 నుంచి 45 మధ్య ఉంటే జీను గురించి మాట్లాడుకుందాం. విశ్రాంతిలో కూడా 60 దాటుతుంటే నాకు రాస్తూ కూర్చోకండి, ఆ రోజే వైద్యుణ్ణి పిలవండి.