ఇంటి భాష అని అడిగిన చోట ‘తెలుగు’ అనే రాయండి

“మా పాప వచ్చే నెల కాలిఫోర్నియాలో ఒకటో తరగతిలో చేరుతోంది. ఇంగ్లీషు పెద్దగా రాదు. ఇంట్లో ఇక ఇంగ్లీషే మాట్లాడాలా? వలస వచ్చిన పిల్లలకు రెండు భాషల్లో చదువు మంచిదా, నేరుగా ఇంగ్లీషే మంచిదా?” అని అడిగారు.

రెండు భాషల్లోనే మంచిది. ఇంట్లో తెలుగే మాట్లాడండి. ఈ విషయంలో నాకు ఏ అనుమానమూ లేదు.

చేర్పించేటప్పుడు స్కూలువాళ్లు ఇంటి భాష గురించి ఒక ఫారం ఇస్తారు. పాప మాటలు నేర్చినప్పుడు మొదట వచ్చిన భాష ఏది, ఇంట్లో ఎక్కువగా ఏది మాట్లాడుతుంది, మీరు పాపతో ఏది మాట్లాడతారు, ఇంట్లో పెద్దవాళ్లు ఏది మాట్లాడుకుంటారు అని నాలుగు ప్రశ్నలు ఉంటాయి. మన వాట్సాప్ గ్రూపుల్లో దీనికి ఒకే సలహా తిరుగుతుంటుంది: “అన్నిటికీ ఇంగ్లీష్ అని రాసేయండి, లేకపోతే పిల్లల్ని ఈఎల్‌లో పడేస్తారు.” ఈఎల్ అంటే ఇంగ్లీష్ లెర్నర్. తెలుగు అని రాస్తే ఎల్‌పాక్ అనే పరీక్ష పెడతారు. అందులో ఇంగ్లీషు చాలదని తేలితే స్కూలువాళ్లు దాన్ని ప్రత్యేకంగా నేర్పాలి. అది పాపకు రావాల్సిన సాయం. నలుగురిలో చిన్నతనం అనుకుని ఆ సాయాన్ని మనమే వద్దని సంతకం పెట్టి వస్తున్నాం. నాకూ అదే సలహా ఇచ్చారు. నేను మాత్రం నాలుగింటికీ తెలుగనే రాశాను.

ఆ సాయం ఊరికే రాలేదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో దాదాపు 1,800 మంది చైనీస్ పిల్లలు ఇంగ్లీషు రాకుండానే, ఏ ఆసరా లేకుండా క్లాసుల్లో కూర్చునేవారు. వాళ్ల తరఫున వేసిన లౌ వర్సెస్ నికొల్స్ కేసు అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అందరికీ అవే పుస్తకాలు, అదే టీచరు ఉన్నంత మాత్రాన సమానంగా చూసినట్టు కాదని 1974లో తీర్పు వచ్చింది. ఏ పద్ధతిలో నేర్పాలో మాత్రం కోర్టు చెప్పలేదు. గొడవంతా అక్కడే మొదలైంది.

ఇక మా వాడి సంగతి. ఖమ్మం దగ్గర మా అత్తగారి ఊళ్లో పెరిగాడు. రెండో తరగతి మధ్యలో ఇక్కడికి తెచ్చుకున్నాం. అక్కడ చదివింది పేరుకు ఇంగ్లీష్ మీడియం, టీచర్లు చెప్పేదంతా తెలుగులోనే. ఇక్కడ మొదటి పేరెంట్ మీటింగ్‌లో టీచరు వాడి సైన్స్ ఫోల్డర్ తెరిచింది. మొక్క ఎలా పెరుగుతుందో బొమ్మ వేసి, కింద రాయమన్నారట. క్లాసులో అందరూ చిక్కుడు గింజ, మొలక, ఆకు, పువ్వు వేశారు. మా వాడు ఒక మూట వేశాడు. దాని పక్కన పచ్చటి చదరం, ఆ పక్కన నీళ్లలో వంగి నిలబడ్డ మనుషులు. కింద గీతలన్నీ ఖాళీ. “పాఠం అందలేదు. సైన్సులో బాగా వెనకబడ్డాడు. ఇంట్లో మీరు ఇంగ్లీషు మాట్లాడితే నయం” అందావిడ. మనిషి మంచిదే, కసురుకోవడం కూడా ఎరగదు. కానీ నా కడుపు మండిపోయింది.

వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, “ఏంట్రా నాన్నా ఇది, మేడమ్‌కి చెప్పు. తెలుగులోనే చెప్పు” అన్నాను. వాడు మూట మీద వేలు పెట్టాడు. వడ్లు నానబోసి గోనెసంచిలో కట్టి పెడతారన్నాడు. మొలకొచ్చాక నారుమడిలో చల్లుతారన్నాడు. నారు ఎదిగాక పీకి, కట్టలు కట్టి, పొలంలో నాట్లేస్తారన్నాడు. “అన్నీ ఒకేచోట ఉంటే ఇరుకై ఎదగవు, తాత చెప్పాడు” అన్నాడు. నేను ఒక్కొక్క మాటా ఆవిడకు ఇంగ్లీషులో చెబుతూ పోయాను. సంచిలో ఎందుకు కడతారని ఆవిడ అడిగింది. “వెచ్చగా ఉంటే తొందరగా మొలకొస్తుంది” అన్నాడు, ఇది కూడా తెలియదా అన్నట్టు. ఆవిడ కాసేపు ఆ బొమ్మనే చూసి, ముందు రాసిన వ్యాఖ్య కొట్టేసింది. వాడికి సైన్సు రాకపోవడం కాదు, వాణ్ణి అడిగే భాష అక్కడ లేదు, అంతే.

అదే వరండాలో నాలుగడుగులు వేస్తే స్పానిష్ డ్యూయల్ ఇమర్షన్ క్లాసు, అంటే రెండు భాషల్లో పాఠాలు చెప్పే క్లాసు ఉంది. కిండర్‌గార్టెన్‌లో 90 శాతం పాఠాలు స్పానిష్‌లో, 10 శాతం ఇంగ్లీషులో. పై తరగతులకు వెళ్లేకొద్దీ ఇంగ్లీషు పెరిగి సగం సగం అవుతుంది. అక్కడ ఇంగ్లీషు ముక్క రాని పిల్లాడు సీతాకోకచిలుక గురించి స్పానిష్‌లో గడగడా చెబుతాడు. వాణ్ణి వెనకబడ్డాడని ఎవరూ అనరు.

దీన్ని వ్యతిరేకించేవాళ్లు ఉన్నారు, వాళ్ల కోపం పూర్తిగా అబద్ధమూ కాదు. 1996లో లాస్ ఏంజెలెస్‌లో లాటినో తల్లిదండ్రులే మా పిల్లలకు ఇంగ్లీషు నేర్పండంటూ పిల్లల్ని బడి మాన్పించి నిరసన చేశారు. పిల్లలు ఏళ్ల తరబడి స్పానిష్ క్లాసుల్లోనే ఉండిపోతున్నారని వాళ్ల బాధ. కాలిఫోర్నియాలో కొన్ని చట్టాలను ‘ప్రతిపాదన’ పేరుతో నేరుగా జనం ఓటుకే పెడతారు. ఆ ఊపులోనే 1998లో 227వ ప్రతిపాదన 61 శాతం ఓట్లతో గెలిచింది. ఒక ఏడాది ఇంగ్లీషులో ముంచి తీసి, మామూలు క్లాసులోకి పంపేయడం దాని పద్ధతి. సరిగ్గా నడపని క్లాసుల మీద కోపం మొత్తం పద్ధతి మీదికి మళ్లింది. అదే కాలిఫోర్నియా 2016లో 58వ ప్రతిపాదనతో, 73 శాతానికి పైగా ఓట్లతో, ఆ చట్టాన్ని చాలావరకు తీసేసింది. ఇన్నేళ్లు చూసి జనమే మనసు మార్చుకున్నారు, నాకు ఆ సాక్ష్యం చాలు.

ఇంగ్లీషు గురించి బెంగ వద్దు. ఆటస్థలంలో, టీవీలో, స్నేహితుల దగ్గర వద్దన్నా వస్తుంది. మా వాడికి నాలుగో తరగతికల్లా ఈఎల్ తీసేశారు. ఇంట్లో మేము ఒక్కరోజు కూడా తెలుగు ఆపలేదు. పోయేది ఎప్పుడూ తెలుగే, అందులోనూ సగం తప్పు పెద్దవాళ్లదే. ఇండియా వెళ్లినప్పుడు పిల్లలు ఏదో యాసతో నాలుగు ముక్కలు మాట్లాడబోతే పిన్నులూ మావయ్యలూ చుట్టూ చేరి నవ్వుతారు. “మళ్లీ అను, మళ్లీ అను” అంటూ ఫోన్లో రికార్డు కూడా చేస్తారు. ఆ పూట నుంచి పిల్లలు నోరు విప్పరు. తర్వాత వీళ్లే వీడియో కాల్‌లో “మనవడికి తెలుగు రావట్లేదు” అని నిట్టూరుస్తారు. దయచేసి నవ్వకండి.

ఇంకో సంగతి మనవాళ్లలో చాలామందికి తెలియదు. 58వ ప్రతిపాదన ప్రకారం ఒక స్కూల్లో 30 మంది పిల్లల తల్లిదండ్రులు, లేదా ఒకే తరగతిలో 20 మంది పిల్లల తల్లిదండ్రులు అడిగితే, వీలైనంత వరకు వాళ్లు కోరిన భాషా కార్యక్రమం పెట్టడానికి స్కూలు ప్రయత్నించాలి. స్పానిష్‌వాళ్లు అడిగారు, మాండరిన్‌వాళ్లు అడిగారు. ఫ్రీమాంట్, శాన్ రామోన్ లాంటి చోట్ల మనవాళ్లు ఇంతమంది ఉన్నారు కదా, మనం ఎందుకు అడగం? తెలుగు టీచర్లు దొరకరంటారు. కనీసం పిల్లల మాట విని టీచరుకు చెప్పే సహాయకురాలిని ఒకరిని అడగొచ్చు. బీఈడీ చేసి, భర్త ఉద్యోగ వీసాను బట్టి వచ్చే హెచ్4 వీసా మీద వచ్చి, పని చేసే అనుమతి కోసం ఎదురుచూస్తున్న ఆడవాళ్లు మా ఒక్క అపార్ట్‌మెంట్లోనే ఉన్నారు.

స్కూలు తెరవగానే మీ పాప తరగతిలో తెలుగు కుటుంబాలు ఎన్ని ఉన్నాయో కనుక్కోండి. 20 మంది పిల్లలు తేలితే నాకు మెసేజ్ పెట్టండి, మా స్కూలుకి రాసిన అర్జీ పంపుతాను. పేర్లు మార్చుకుంటే సరిపోతుంది.