పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండి: కొనేముందు కిందికి వంగి చూడండి

ప్రశ్న: మేమిద్దరం, మా ఇద్దరు పిల్లలు, మా అత్తగారు కలిసి ఐదుగురం. సెలవు రోజుల్లో అడవి అంచున గానీ నది ఒడ్డున గానీ గుడారం వేసుకుని రెండు మూడు రోజులు గడపాలని మా కోరిక. కొత్త బండి కొనే స్తోమత లేక సెకండ్ హ్యాండ్ ఫోర్ వీల్ డ్రైవ్ ఎస్‌యూవీ కోసం వెతుకుతుంటే రెండు కంటపడ్డాయి. మొదటిది పన్నెండేళ్లది, 1,60,000 కిలోమీటర్లు తిరిగింది, సర్వీసు రసీదులన్నీ ఉన్నాయి. రెండోది ఏడేళ్లది, 70,000 కిలోమీటర్లే తిరిగిందంటున్నారు గానీ రసీదులు లేవు. ఎత్తు పెంచి పెద్ద టైర్లు వేయించారు. మావారికి రెండోది నచ్చింది. మీరేమంటారు? చూడటానికి వెళ్లినప్పుడు ఏమేం గమనించాలి? – ఒక పాఠకురాలు

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి నా మొగ్గు పన్నెండేళ్ల బండి వైపే ఉంది, అయితే దాని అడుగుభాగాన్ని మీ కళ్లతో మీరు చూశాకే ఆ నిర్ణయానికి రావాలి. ఇలాంటి బండి ఎలా బతికిందో రంగూ సీట్లూ చెప్పవు. కింద ఉన్న ఇనుమూ, లోపల ఉన్న నూనే చెబుతాయి.

ముందుగా ‘ఫోర్ వీల్ డ్రైవ్’ అంటే ఏమిటో అమ్మేవారిని విడమరచి చెప్పమనండి, ఎందుకంటే ఆ ఒక్క మాటనే మూడు వేర్వేరు ఏర్పాట్లకు వాడుతుంటారు. టయోటా రావ్4, హోండా సీఆర్-వీ వంటి వాటిలో మామూలుగా ముందు చక్రాలు బండిని లాగుతాయి, అవి జారినప్పుడు వెనక చక్రాలకు కొంత బలం దానంతటదే అందుతుంది. తడి రోడ్డుకూ చదునైన మట్టిదారికీ అది చాలు. ఇవే మోడళ్లు టూ వీల్ డ్రైవ్‌గా కూడా అమ్ముడవుతాయి కనుక, వెనక చక్రాలకు షాఫ్టులు వెళ్తున్నాయో లేదో వంగి చూడటం తప్పనిసరి. సుజుకీ జిమ్నీ వంటి పార్ట్ టైమ్ బండ్లలో డ్రైవరే లివర్ వేసి ముందు, వెనక యాక్సిళ్లను కలపాలి. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు నడిచే దూరానికీ వెనకవి నడిచే దూరానికీ ఉండే తేడాను సర్దే డిఫరెన్షియల్ వీటి మధ్యలో ఉండదు, అందువల్ల పొడి తారు రోడ్డు మీద ఫోర్ వీల్‌లో నడిపితే టైర్లు రాసుకుపోయి, ఇంజన్ బలాన్ని ముందు, వెనక యాక్సిళ్లకు పంచే ట్రాన్స్‌ఫర్ కేసు మీద ఒత్తిడి పేరుకుంటుంది. మధ్య డిఫరెన్షియల్ ఉండి, అవసరమైనప్పుడు దాన్ని లాక్ చేసుకునే వీలున్న బండ్లు మూడో రకం. 1991లో వచ్చిన రెండో తరం మిత్సుబిషి పజేరో ‘సూపర్ సెలెక్ట్’ ఏర్పాటు ఇలాంటిదే, దాన్ని తారు రోడ్డు మీద వాన పడుతున్నప్పుడు కూడా నిశ్చింతగా ఫోర్ వీల్‌లో నడపవచ్చు. పిల్లలతో ఎక్కువ దూరాలు వెళ్లేవారికి నేను ఈ మూడో రకాన్నే సూచిస్తాను. నది ఒడ్డుకు దిగే రాళ్ల దారి మీకుంటే లో రేంజ్ గేరు కూడా ఉండాలి. అది వేసినప్పుడు బండి సుమారు రెండు నుంచి నాలుగు రెట్లు నెమ్మదిస్తుంది, అదే నిష్పత్తిలో చక్రానికి బలం పెరుగుతుంది. దానివల్ల అసలైన లాభం ఎక్కడంలో కన్నా దిగడంలో ఉంది, ఎందుకంటే బ్రేకు మీద కాలు అదిమి ఉంచనక్కర లేకుండా ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది.

ఇక రెండో బండి సంగతి. పెద్ద టైరు ఒక్కో చుట్టుకు ఎక్కువ దూరం నడుస్తుంది కనుక, మీటరును దానికి తగ్గట్టు సరిచేయించకపోతే అసలు తిరిగినదానికన్నా తక్కువ చూపిస్తుంది. టైరు వ్యాసం పదో వంతు పెరిగి ఉంటే మీటరు 70,000 చూపే నాటికి బండి 77,000 తిరిగి ఉండవచ్చు. అంతకన్నా ముఖ్యం, ఎత్తు పెంచినప్పుడు ముందు చక్రాలకు వెళ్లే షాఫ్టులు ఏటవాలుగా వంగి పనిచేస్తాయి, వాటి కీళ్లను కప్పి ఉంచే రబ్బరు తొడుగులు తొందరగా చిరుగుతాయి, గ్రీజు బయటికి పోయి మట్టి లోపలికి చేరుతుంది. బరువంతా పైకి జరగడంతో మలుపుల్లో ఊగుడూ పెరుగుతుంది. ఇలాంటి మార్పులకు మీ ప్రాంతపు చట్టం ఒప్పుకుంటుందో లేదో, ఇన్సూరెన్స్ వర్తిస్తుందో లేదో విడిగా కనుక్కోవాలి. వాటిని చేయించినవారు బండిని కఠినమైన దారుల్లో నడపడానికే చేయించి ఉంటారు, పైగా రసీదులు లేవు. మీవారికి ఆ బండి రూపం ఎందుకు నచ్చిందో నాకు అర్థమవుతూనే ఉంది, అయినా కుటుంబం ఎక్కే బండిగా దాన్ని నేను సిఫారసు చేయలేను.

మొదటి బండిని చూడటానికి వెళ్లే రోజు, మీరు వచ్చేదాకా ఇంజన్ స్టార్ట్ చేయవద్దని ముందే చెప్పండి. చల్లగా ఉన్న ఇంజన్ స్టార్టయినప్పుడు వచ్చే పొగలోనే నిజం బయటపడుతుంది: నీలం పొగ ఆగకుండా వస్తే ఆయిల్ కాలుతోందని, చల్లటి పూట వచ్చే పలుచని ఆవిరిలా కాకుండా తీయటి వాసనతో తెల్లపొగ అదేపనిగా వస్తే కూలెంట్ లోపలికి చేరుతోందని అర్థం. తరువాత పాత దుప్పటి ఒకటి పరచి, టార్చి పట్టుకుని బండి కిందికి చూడండి. ఛాసిస్ పట్టీల మీద పలుచగా తుప్పు రేగడం సహజమే, కానీ స్క్రూడ్రైవర్ పిడితో తట్టినప్పుడు ఖణేలుమనకుండా బోలుగా మోగి పెచ్చులు రాలితే ఇక బేరం మాట ఎత్తకుండా తిరిగి వచ్చేయండి. కొత్తగా పూసిన దట్టమైన నల్లరంగు కూడా అనుమానించదగినదే. వెనక యాక్సిల్ మధ్యలో ఉండే డిఫరెన్షియల్ మూత విప్పడానికి అమ్మేవారు ఒప్పుకుంటే, లోపలి నూనెను వేలికి అంటించుకుని చూడండి: పాలు కలిపినట్టు తెల్లబారి ఉంటే ఆ బండి నీళ్లలో లోతుగా దిగిందని, ఆపైన నూనె మార్చలేదని తేటతెల్లమవుతుంది. లోపల సీటు బెల్టును చివరి దాకా లాగి చూడండి. వరద నీటిలో మునిగిన బండిని ఎంత కడిగినా, సాధారణంగా చుట్టలోనే ఉండిపోయే ఆ చివరి భాగంలో బురద గీత మిగిలిపోతుంటుంది.

నడిపి చూసేటప్పుడు ఖాళీ స్థలంలో స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకు తిప్పి నెమ్మదిగా చుట్టూ తిప్పండి. టకటకమని చప్పుడు వస్తే ముందు షాఫ్టు కీళ్లు అరిగాయి. మట్టి నేల మీద ఫోర్ వీల్, లో రేంజ్ రెండూ మీ చేత్తోనే వేసి చూడండి. నేను కొన్న మొదటి పాత బండికి ఈ పరీక్ష చేయలేదు. దాని పాత యజమాని ఏళ్ల తరబడి ఆ లివర్ ముట్టుకోకపోవడంతో లోపలి భాగాలు పట్టేశాయని, తొలి వానలో బురదలో కూరుకుపోయిన సాయంత్రం తెలిసింది. అప్పుడు నా పక్కన పిల్లలు ఉన్నారు. అందుకే ఈ ఒక్క విషయంలో మిమ్మల్ని ఇంతగా పట్టుబట్టి కోరుతున్నాను.

నాలుగు టైర్లూ ఒకే సైజులో, దాదాపు ఒకే అరుగుదలతో ఉండటం ఫోర్ వీల్ డ్రైవ్‌కు ముఖ్యం. టైరు పక్కన ముద్రించిన నాలుగంకెల్లో మొదటి రెండూ వారాన్ని, తరువాతి రెండూ సంవత్సరాన్ని తెలుపుతాయి. 2319 అంటే 2019లో 23వ వారం. స్టెప్నీని కూడా చూడటం మరవకండి. ఇంజన్‌లో టైమింగ్ బెల్టు ఉంటే దాన్ని మార్చిన రసీదు అడగండి, ఎందుకంటే చాలా ఇంజన్లలో అది తెగితే వాల్వులు వంగిపోతాయి. చివరిగా, ఇంత చూశాక కూడా మీకు సంబంధం లేని మెకానిక్ ఒకరితో బండిని పైకెత్తించి చూపించుకుని, ఆ తరువాతే బయానా ఇవ్వండి.

ప్రశ్న: బండి పైకప్పు మీద గుడారం బిగించుకుంటే కింద సామానుకు చోటు మిగులుతుంది కదా, ఎంత బరువు దాకా పెట్టవచ్చు? – ఒక పాఠకుడు

జవాబు: యజమాని పుస్తకంలో రాసిన పరిమితి బండి నడుస్తున్నప్పటిది, చాలా ఎస్‌యూవీలకు అది 50 నుంచి 100 కిలోల మధ్య ఉంటుంది, క్యారియర్ బరువు కూడా అందులోదే. పైకప్పు గుడారమే తరచుగా 50 కిలోలు దాటుతుంది కనుక దానిమీద ఇంకేమీ కట్టడానికి చోటుండదు. ఆగి ఉన్నప్పుడు కప్పు అంతకన్నా చాలా ఎక్కువ మోయగలదు కనుకనే మనుషులు పైన పడుకోగలుగుతున్నారు.

పైకప్పు కన్నా ఎక్కువమంది మరచిపోయేది బండి మొత్తం మోయగల బరువు. అనుమతించిన గరిష్ఠ బరువులోంచి ఖాళీ బండి బరువు తీసేస్తే మిగిలేదే మనుషులకూ సామానుకూ కలిపి ఉన్న వాటా. ముగ్గురు పెద్దలు, ఇద్దరు పిల్లలు కలిసి 255 కిలోలు అనుకుందాం. 40 లీటర్ల నీళ్లంటే 40 కిలోలు, గుడారమూ క్యారియరూ కలిపి 85, పరుపులూ స్టవ్వూ తిండి సామానూ మరో 60. మొత్తం 440 కిలోలయింది, ఇంకా ఇనుప బంపరు, కూరుకుపోయిన బండిని తీగతో లాగే వించ్ వంటివి లెక్కలోకి రానేలేదు. నేలమీద వేసుకునే మామూలు గుడారం పైకప్పు గుడారంలో సగం బరువైనా ఉండదు కనుక, పిల్లలున్న కుటుంబానికి నా ఓటు దానికే.

ప్రశ్న: రోజూ బడికి నాలుగు కిలోమీటర్లు, నెలకోసారి క్యాంపింగ్. కొత్త తరం డీజిల్ ఎస్‌యూవీ పాతది తీసుకోవచ్చా? – ఒక పాఠకురాలు

జవాబు: సైలెన్సర్ దారిలో మసిని పట్టే ఫిల్టర్ ఉన్న డీజిల్ బండి అయితే, మీ వాడకానికి పెట్రోల్ మేలు. ఆ ఫిల్టర్ బాగా వేడెక్కినప్పుడే మసిని కాల్చి శుభ్రం చేసుకుంటుంది. నాలుగు కిలోమీటర్లలో ఆ వేడి రాదు, మసి పేరుకుపోతుంది, కాల్చే ప్రయత్నం మధ్యలో ఆగినప్పుడల్లా కొంత డీజిల్ ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది. అయినా డీజిలే కావాలనుకుంటే వారానికోసారి అరగంటకు తగ్గకుండా హైవే మీద నడపాలి. కొనేముందు ఇంజన్ ఆయిల్ మట్టం చూపే కడ్డీ (డిప్‌స్టిక్) తీసి చూడండి: ఆయిల్ పై గీతను దాటి, డీజిల్ వాసన వేస్తుంటే ఆ బండి కూడా ఇన్నాళ్లూ బడి దాకా మాత్రమే తిరిగినదై ఉండవచ్చు.