అద్దాల ఎలివేషన్ కోసం లోన్ పెంచొద్దు

ప్రశ్న: విజయవాడ పక్కన పోరంకిలో పడమర ముఖం స్థలంలో జీ ప్లస్ వన్ ఇల్లు కడుతున్నాం. ముందువైపు మొత్తం అద్దాలు పెడితే లుక్ అదిరిపోతుందని, 4 లక్షలు అదనంగా అవుతుందని కాంట్రాక్టర్ అంటున్నారు. హోమ్ లోన్ పెంచుకోమంటారా?

జవాబు: వద్దంటాను. 8.5 శాతం వడ్డీకి 15 ఏళ్లకు 4 లక్షలంటే నెలకు సుమారు 3,940 రూపాయల ఈఎంఐ. మొత్తం కట్టేది 7 లక్షల పైమాటే. ఇంతా పోసి మీరు కొనుక్కునేది బెజవాడ సాయంత్రపు ఎండని!

అదే దక్షిణమైతే ఇంత భయం లేదు. వేసవి మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటాడు కాబట్టి సజ్జ నీడ సరిపోతుంది. పడమర ఎండ నాలుగు దాటాక ఏటవాలుగా సజ్జ కిందనుంచే దూరుతుంది. మామూలు అద్దం అందులో 80 శాతం దాకా వేడిని లోపలికి వదిలేస్తుంది. కర్టెన్లు వేస్తామంటారేమో, వేడి గదిలోకి వచ్చేశాక కర్టెన్ ఏం చేస్తుంది? ఆపితే బయటే ఆపాలి. పైగా కాలిన అద్దం పక్కన సోఫాలో కూర్చుంటే ఏసీ 24లో ఉన్నా ఒళ్లు చిరచిరలాడుతుంది, రిమోట్ 20కి పోతుంది.

కరెంటు లెక్క కూడా వేద్దాం. ఆ హాల్లో ఒకటిన్నర టన్నుల ఏసీ నాలుగు నెలలు రోజూ నాలుగు గంటలు అదనంగా నడిచి, గంటకు ఒకటిన్నర యూనిట్ కాలిస్తే 720 యూనిట్లు. యూనిట్ 8 రూపాయలనుకుంటే ఏడాదికి దాదాపు 5,800. ఇదేమీ కొంపలు ముంచే మొత్తం కాదు. అసలు దెబ్బ ఈఎంఐదే.

గోడ సంగతి మాత్రం వదలకండి. పడమటి ఎండ తిన్న తొమ్మిదంగుళాల ఇటుక గోడకి రాత్రి భోజనాలయ్యాక లోపలివైపు అరచెయ్యి ఆనించి చూడండి, ఇంకా వెచ్చగానే ఉంటుంది. అందుకే పునాది దశలోనే పడకగదులు అటు లేకుండా చూసుకుని మెట్లు, బాత్రూములు పెట్టించండి. ప్లాన్ మీద గీత మార్చడానికి పెద్ద ఖర్చేమీ కాదు. పడమర గోడ వరకు ఏఏసీ బ్లాకులు (లోపల గాలి బుడగలుండి వేడిని తక్కువగా పంపే తేలిక బ్లాకులు), బాల్కనీకి జాలీ (నీడనిచ్చే చిల్లుల అడ్డుగోడ), డాబా మీద ఎండని తిప్పికొట్టే తెల్లటి కూల్ టైల్స్‌కి విడిగా కొటేషన్ తీసుకోండి. మీ చేతిలో డబ్బుకి మించితే ముందు డాబా చూడండి, పై అంతస్తుకి ఎక్కువ వేడి అక్కడినుంచే.

బ్యాంకు మంజూరు చేసిందంతా తీసుకోవాలనేం లేదు, తీసుకున్నంతకే వడ్డీ. ఇంట్లోవాళ్లు అద్దం ఉండాల్సిందే అని పట్టుబడితే ఒక్క కిటికీకి పరిమితం చేసి, సోలార్ హీట్ గెయిన్ 0.3కి మించని, అంటే మీద పడ్డ ఎండ వేడిలో 30 శాతానికి మించి లోపలికి వదలని అద్దమే వేస్తానని కొటేషన్‌లో రాయించుకోండి.