గాజు ఫ్యాక్టరీకి వెళ్తున్న మేనకోడలికి

చిట్టీ,

జర్మనీలో, మైంజ్‌లోని షాట్ కంపెనీలో ఇంటర్న్‌షిప్ వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసింది. మన ఇంట్లో గాజు పని నాతోనే ఆఖరనుకున్నాను. సంతోషంతో ఆ రాత్రి నిద్రపట్టలేదు, తర్వాత టెన్షన్‌తో పట్టలేదు.

కాగితాల సంగతి నీకే బాగా తెలుసు. ఇంట్లో దిగిన రెండు వారాల్లో అడ్రస్ రిజిస్టర్ చేయించుకో. ఆదివారం కొట్లు మూసేస్తారు, బియ్యం, పాలు శనివారమే తెచ్చుకో.

నా మొదటి భయం నీ చేతుల గురించి. ఎర్రగా ఉన్న గాజు జోలికి ఎవరూ పోరు. ఎరుపు పోయాక కూడా అది నాలుగు వందల డిగ్రీలు ఉండొచ్చు, చూడ్డానికి మాత్రం మన మంచినీళ్ళ గ్లాసులాగే ఉంటుంది. ఫ్యాక్టరీలో ఏ ముక్కయినా వేడిగానే ఉందనుకో. గ్లవ్స్ లేకుండా ముట్టుకున్నావని తెలిస్తే అక్కడికే వచ్చి తిడతాను.

రెండోది ఇంకా పెద్ద భయం. మా సీసాల ఫ్యాక్టరీలో ఒక కుర్రాడుండేవాడు, నీలాగే చురుకు. ఒక నైట్ షిఫ్టులో లేర్ ముందు, అంటే సీసాల్ని మెల్లగా చల్లార్చే పొడవాటి కొలిమి ముందు, సీసాలు పేరుకుపోతుంటే బెల్టు స్పీడు పెంచాడు. దాదాపు 550 డిగ్రీల దగ్గర లేర్‌లోకి వెళ్ళిన సీసా మెల్లగా చల్లారుతూ బయటికి రావాలి. తొందరపెడితే పైపొర ముందే బిగిసిపోతుంది, లోపలిది ఇంకా ముడుచుకోవాలని చూస్తుంది, ఆ గుంజులాట గాజులోనే ఉండిపోతుంది. కంటికి కనబడదు. తెల్లారేసరికి సీసాలు తళతళలాడుతూ ప్యాకింగ్‌కి వెళ్ళిపోయాయి. వాడు స్పీడు మళ్ళీ తగ్గించేశాడు గానీ, ఇన్‌చార్జి తిడతాడని లాగ్‌బుక్‌లో రాయలేదు. ఆ షిఫ్టులో శాంపిల్ చూడాల్సిన పెద్దమనిషీ చూడలేదు, అది వేరే గొడవ.

కొన్ని వారాలకి, వేడినీళ్ళతో కడిగేచోట సీసాలు పగిలిపోతున్నాయని ఫిర్యాదు. ఇసుకని అనుమానించాం, సోడాని అనుమానించాం, ఫర్నేస్ రికార్డులన్నీ తిరగేశాం. చివరికి వెనక్కొచ్చిన సీసాని పోలరిస్కోప్‌లో, అంటే గాజులో దాగిన గుంజులాటని రంగులుగా చూపించే పరికరంలో, పెడితే అడుగున రంగులు తేలాయి. పిలిచి అడగ్గానే ఏడ్చేశాడు. ఆ రాత్రే చెప్పుంటే సరుకు పక్కన పెట్టి, పగలగొట్టి కల్లెట్‌గా, అంటే మళ్ళీ కరిగించే గాజు పెంకులుగా, ఫర్నేస్‌లో వేసేవాళ్ళం. తిట్లతో పోయేది. దాచినందుకు ఉద్యోగం పోయింది.

నువ్వు వెళ్ళేచోట నాలుగు మీటర్ల టెలిస్కోప్ అద్దానికి దిమ్మ పోశారు. అలాంటివాటిని చల్లార్చడానికే నెలలు పడుతుంది. అక్కడ ఒక మీట తప్పు నొక్కి ఊరుకుంటే ఏమవుతుందో ఆలోచించు.

నీ సంగతి నాకు తెలీదా? మార్కులు తగ్గితే ప్రోగ్రెస్ కార్డు బియ్యం డబ్బాలో దాచిన ఘనురాలివి. అన్నం వండబోతే మీ అమ్మకి దొరికింది. పైగా అక్కడ భాష సరిగా రాదు, అడిగితే నవ్వుతారేమోనని మొహమాటపడతావు. నవ్వితే నవ్వనీ. ఏది తాకావో, ఎన్ని గంటలకో అప్పటికప్పుడే రాసెయ్, పక్కవాళ్ళకి చెప్పు. తిడితే రాత్రి నాకు ఫోన్ చెయ్, టైం చూడక్కర్లేదు. మేమూ తిట్లు తినే పెద్దయ్యాం తల్లీ.

సెలవు రోజున సెయింట్ స్టీఫెన్ చర్చికి వెళ్ళు. షగాల్ అనే చిత్రకారుడు గీసిన నీలం గాజు కిటికీలున్నాయట, ఫోటోలు పంపు. మీ అమ్మకి రోజూ ఫోన్ చేసి అన్నం తిన్నానని చెప్పు. నాకు మాత్రం అక్కడి లేర్ ఎంత పొడవుందో కనుక్కుని చెప్పాలి.

మీ మావయ్య