గిటార్ ట్యూబ్ ఆంప్‌లో రెక్టిఫైయర్ ట్యూబ్ రెండోసారి పోయింది, ఈసారి నమ్మకంగా ఏది కొనాలి?

మీరు రాసినదాని ప్రకారం ఆంప్‌లో జీజెడ్34, అంటే ఏసీని డీసీగా మార్చే రెక్టిఫైయర్ ట్యూబ్, పోయింది, కొత్తది వేస్తే అదీ పోయింది, ఇప్పుడు మంచి బ్రాండ్ చెప్పమంటున్నారు, పోనీ ఇంకో రకం రెక్టిఫైయర్ 5యూ4 పెట్టేయొచ్చా అని కూడా అడిగారు. ఏ బ్రాండూ కొనకండి సార్, ముందు ఆంప్ వెనకాల విప్పండి. వరసగా రెండు ట్యూబులు చచ్చాయంటే చంపేది లోపలే ఉంది, మూడోదాన్నీ అదే చంపుతుంది, నా లెక్కలో పదింట్లో తొమ్మిదిసార్లు కథ ఇదే.

నేను వైజాగ్‌లో ఆర్కెస్ట్రాలకీ చర్చిల్లోనూ గిటార్ వాయిస్తాను, రిపేర్ విద్య మా మావయ్య దగ్గర నేర్చుకున్నదే, ఆయన డాక్‌యార్డ్‌లో చేసి రిటైరయ్యాడు, ఇప్పటికీ ట్యూబ్ అనడు, వాల్వే అంటాడు. ఒక క్రిస్మస్ సీజన్‌లో అల్లిపురం వైపు ఒక చర్చి వాళ్ళు ఆంప్ పట్టుకొచ్చారు, పవర్ ట్యూబులు రెండు 6వీ6లు, ఒక జీజెడ్34, ఎవరో అమెరికా నుంచి తెచ్చింది. ట్యూబులు వేడెక్కాక హై వోల్టేజ్ వదిలే స్టాండ్‌బై స్విచ్ వెయ్యగానే ట్యూబ్ లోపల నీలంగా ఒక మెరుపు, టప్‌మని ఫ్యూజ్ ఔట్. కీబోర్డ్ వాయించే కుర్రాడు ఈ మధ్యలో ఆన్‌లైన్‌లో ఇంకోటి తెప్పించాడు, అది రెండు రిహార్సల్స్ కూడా ఆడలేదు, అందరూ కలిసి ఆ కంపెనీని తిట్టుకుంటున్నారు.

మావయ్య ట్యూబ్ వైపు చూడను కూడా చూడలేదు. చాసిస్ తిరగేసి, కెపాసిటర్‌లో ఛార్జి దింపేసి, కళ్ళజోడు పైకెత్తి "ఏట్రా ఇది, ఈ డబ్బా ఎవడెట్టాడు?" అన్నాడు. రెక్టిఫైయర్ తర్వాత వచ్చే మొదటి ఫిల్టర్ కెపాసిటర్, అదే డీసీని నునుపు చేసేది, 100 మైక్రోఫారడ్‌ది ఉంది. అంతకుముందు హమ్ వస్తోందని ఎక్కడో ఇస్తే ఆ మెకానిక్ "పెద్దదేస్తే ఇంకా సైలెంట్‌గా ఉంటుంది" అని వేసిచ్చాడట. జీజెడ్34కి ఆ స్థానంలో గరిష్ఠంగా 60 అని డేటాషీట్‌లోనే ఉంటుంది, 5యూ4లో ఒక రకమైన 5యూ4జీబీకైతే 40, ఇంకా చిన్న రెక్టిఫైయర్ 5వై3కి ఇంకా తక్కువ. పైగా ఆ ఆంప్‌లో స్టాండ్‌బై స్విచ్ రెక్టిఫైయర్‌కీ కెపాసిటర్‌కీ మధ్యలో ఉంది, అంటే ట్యూబ్ బాగా వేడెక్కి ఉన్నప్పుడు ఖాళీ కెపాసిటర్ ఒక్కసారిగా మీద పడుతుంది, పగలు పస్తుండి రాత్రి పెళ్ళి భోజనానికి కూర్చున్నవాడిలాగ. ఏ బ్రాండ్ ట్యూబ్ తట్టుకుంటుంది చెప్పండి.

అది మార్చాక కూడా ఆయన వదల్లేదు, సాకెట్ చూపించాడు. 4, 6 పిన్నులు ప్లేట్లవి, వోల్టేజ్ అంతా అక్కడే, ఆ రెండింటి మధ్య బేకలైట్ మీద సన్నగా నల్లటి గీత పడింది. బీచ్ గాలి సార్, మనూళ్ళో ఉప్పు దేన్నీ వదలదు, నా గిటార్ స్ట్రింగ్సే నెల తిరక్కుండా తుప్పు పడతాయి. ఆ తేమకి దుమ్ము తోడైతే కరెంట్ అడ్డదారి వెతుక్కుంటుంది, ఒకసారి కాలి బొగ్గు గీత పడిందంటే ఎంత తుడిచినా లాభం లేదు, సిరామిక్ సాకెట్ వేసుకోవాల్సిందే. ఫ్యూజ్ హోల్డర్‌లో ఏముందో చెప్తే నవ్వుతారు, సిగరెట్ పెట్టెలో వెండి కాగితం చుట్టి ఉంది! ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోకపోవడం ఆ చర్చి వాళ్ళ ప్రార్థన బలమే.

ఇవన్నీ సరిచేశాక కుర్రాడు తిట్టిపోసిన ఆ కంపెనీదే ఇంకో పీస్ వేశాం, ఇప్పటికీ ఆడుతోంది.

ఇక 5యూ4 సంగతి. రెండింటికీ హీటర్ 5 వోల్టులే, సాకెట్‌లో కూడా చక్కగా కూర్చుంటుంది, అదే చిక్కు. జీజెడ్34 హీటర్ 1.9 ఆంప్స్ తీసుకుంటే 5యూ4జీబీ 3 ఆంప్స్ లాగుతుంది, మీ ట్రాన్స్‌ఫార్మర్‌లో ఆ వైండింగ్ అంత ఇవ్వగలదో లేదో తెలీకుండా పెట్టొద్దు. వోల్టేజ్ కూడా బాగా పడిపోతుంది. 5వై3 అయితే 125 మిల్లీఆంప్స్ వరకే, పెద్ద ఆంప్‌కి దాని పేరే ఎత్తొద్దు. దాన్లో మళ్ళీ సోవ్‌టెక్ వాళ్ళ 5వై3 పాత 5వై3 కంటే ఎక్కువ వోల్టేజ్ ఇస్తుంది, వేసుకున్నవాళ్ళు మీటర్ పెట్టి బయాస్, అంటే పవర్ ట్యూబుల్లో ఊరికే ఉన్నప్పుడు పారే కరెంట్, చూసుకోవాలి. ట్యూబ్ బదులు సాకెట్‌లో దూర్చే డయోడ్ ప్లగ్‌తో అయితే వోల్టేజ్ ఇంకా పెరుగుతుంది, అదీ ఇతర ట్యూబులు వేడెక్కకముందే వచ్చేస్తుంది. అందుకని ఆంప్ మీద ఏది రాసుంటే అదే, జీజెడ్34 అన్నా 5ఏఆర్4 అన్నా ఒకటే, ఇప్పుడు తయారవుతున్న జేజేనో సోవ్‌టెక్కో చాలు. ఒక్కో ప్లేట్‌కి సిరీస్‌లో 1ఎన్4007 డయోడ్ వేయించండి, నాలుగు రూపాయల పని, ట్యూబ్ లోపల షార్టయినా ట్రాన్స్‌ఫార్మర్ బతుకుతుంది.

ఇంగ్లండ్‌లో చేసిన పాత మల్లార్డ్ ట్యూబ్ కొనమని ఇక్కడెవరో సలహా ఇచ్చారు, వాళ్ళకో దండం. ఆ సాగ్, ఆ వింటేజ్ టోన్ అంతా ఆంప్ గట్టిగా తోసినప్పుడు కరెంట్ ఎక్కువ లాగి వోల్టేజ్ కుంగితే వచ్చేది. ఎంవీపీ కాలనీ ఫ్లాట్‌లో వాల్యూమ్ రెండు మీద పెట్టి వాయించేవాడికి సాగ్ ఎక్కడ్నుంచి వస్తుందండీ, పక్క పోర్షన్ ఆంటీ గోడ కొట్టడం తప్ప? అమ్మేవాళ్ళూ అలాగే ఉన్నారు, అచ్చు చెరిగిపోయిన ప్రతి ట్యూబూ మిలిటరీ స్టాకే అంటారు. మా మావయ్య దగ్గర బెంగళూరులో చేసిన బెల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) వాల్వులు పెట్టె నిండా ఉండేవి, 2014లో హుద్‌హుద్‌కి షెడ్డు రేకులతో పాటు అవీ పోయాయి, అవుంటే మీకే ఇప్పించేవాణ్ణి.

కెపాసిటర్‌లో 400 వోల్టులు దాకా ఉంటాయి, ప్లగ్ పీకినా ఉంటాయి, అలవాటు లేకపోతే చెయ్యి పెట్టొద్దు. చాసిస్ విప్పించి మొదటి కెపాసిటర్ మీద అంకె, సాకెట్, ఫ్యూజ్ హోల్డర్ ఫోటోలు తీసి పెట్టండి, అమెరికా ఆంప్ అయి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ మీద నడిపిస్తుంటే రాత్రిపూట దాని అవుట్‌పుట్ ఎంతొస్తోందో కూడా కొలిచి రాయండి, మా వీధిలో పదకొండు దాటాక లైను 250 వోల్టులకి పోతుంది.