ఆ డిపాజిట్ ఖాళీగా పడి లేదు

ప్రశ్న: నా వయసు 34. ఉప్పల్‌లో ఉంటున్నాం. ఇద్దరు పిల్లలు. జీతం రూ.45,000, ఇంటి ఖర్చు రూ.30,000. చేపపిల్లలకు సజీవ ఆహారంగా వాడే ఫెయిరీ ష్రింప్ అనే చిన్న రొయ్యలాంటి జీవులను డాబా మీద తొట్లలో పెంచాలనుకుంటున్నాను. పెట్టుబడి రూ.3 లక్షలు కావాలి. బ్యాంకులో ఖాళీగా ఉన్న రూ.1.80 లక్షల డిపాజిట్ రద్దు చేసుకుని, మిగతాది క్రెడిట్ కార్డుపై నగదు తీసుకుని, ఉద్యోగం మానేయవచ్చా?

జవాబు: మీ ప్రశ్నలో అన్నిటికన్నా ప్రమాదకరమైన మాట ‘ఖాళీగా’. నెలకు రూ.30,000 ఖర్చయ్యే ఇంటికి ఆ డిపాజిట్ సరిగ్గా ఆరు నెలల తిండి, అద్దె, పిల్లల ఫీజులు. అత్యవసర నిధిని పెట్టుబడి సొమ్ముగా లెక్కగట్టే పొరపాటు చాలామంది చేస్తున్నారు కాబట్టే ఈ ప్రశ్నను ఎంచుకున్నాను. జీతం వచ్చే రోజుల్లో ఆ నిధి అవసరం ఎంతో, జీతం మానుకున్న మర్నాటి నుంచి అంతకు రెట్టింపు అవుతుంది.

సిస్టులు, అంటే ఎండిన స్థితిలో ఉండే వాటి గుడ్లు, నీటిలో వేసిన ఒకటి రెండు రోజుల్లో పొదిగి, రెండు వారాలు తిరిగేసరికి ఎదుగుతాయి గనుక డబ్బు కూడా అంతే వేగంగా తిరుగుతుందని మీరు అనుకుని ఉంటారు. అయితే నల్లా నీటిలోని క్లోరిన్ పోకముందే తొట్టి నింపినా, మేత ఎక్కువై అమ్మోనియా పెరిగినా ఆ తొట్టి మొత్తం ఒక్క రాత్రిలో పోవచ్చు. పైగా ఇది మంచినీటి జీవి. సముద్రపు నీటితో నడిచే కోస్తా రొయ్యల హేచరీలు ఆర్టీమియా అనే ఉప్పునీటి జీవిని వాడతాయి కాబట్టి, మీ కొనుగోలుదారులు ప్రధానంగా రంగుచేపల పెంపకందారులే. ఆ కొద్దిమంది అలవాటు పడేదాకా ఇల్లు గడవాల్సింది ఆ డిపాజిట్‌తోనే.

ఇక కార్డుపై నగదు అన్న ఆలోచనను ఈ రోజే వదిలేయండి. దానికి గడువు రోజులుండవు, తీసిన రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది, నెలకు 3.5 శాతమైతే రూ.1.20 లక్షలపై మొదటి నెలకే రూ.4,200, రుసుములు అదనం. ఒక్క తొట్టి కూడా అమ్మకుండానే ఈ బాకీని నెత్తికెత్తుకోవడం వ్యాపారం ఎలా అవుతుందో నాకు అర్థం కాదు.

ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన రాయితీ మీకు వర్తిస్తుందేమో మత్స్యశాఖ కార్యాలయంలో అడగండి, కానీ దాన్ని నమ్ముకుని అప్పు చేయకండి. రాజీనామా చేస్తే సంస్థ ఇచ్చే ఆరోగ్య బీమా ఆగిపోతుంది కాబట్టి సొంత పాలసీ ముందే తీసుకోండి.

నెలకు మిగిలే రూ.15,000లోంచే రెండు తొట్లతో మొదలుపెట్టండి. మీ దగ్గరి అక్వేరియం దుకాణాలవారు వరుసగా ఆరు నెలలు సరుకు కొంటే, ఆ లెక్కలతో మళ్లీ రాయండి.