మామగారి రైఫిల్: అమ్మాలా, అట్టే పెట్టాలా?

ఇంటి పెద్దల నుంచి చేతికొచ్చిన లీవర్ రైఫిళ్ల (ట్రిగ్గరు చుట్టూ ఉన్న కడ్డీని దించి ఎత్తితే తూటా మారేవి) గురించి అమెరికాలోని మన పాఠకులు రాసిన ఉత్తరాల్లో అయిదింటికి ఈ నెల జవాబులు.

ప్రశ్న: మా మామగారు 1970లలో పెన్సిల్వేనియాలో డాక్టరుగా స్థిరపడ్డారు. జింకల వేటకు వాడిన వించెస్టర్ కంపెనీ 94 మోడల్ రైఫిల్ (థర్టీ-థర్టీ రకం తూటాది) వీలునామాలో మావారి పేర రాసి పోయారు. చాలా ఏళ్లుగా అది అత్తయ్యగారింట్లో క్లోజెట్‌లోనే ఉంది. మావారికి వేట అలవాటు లేదు. ఇంట్లో పదకొండేళ్ల బాబున్నాడు. మా ఇద్దరికీ పౌరసత్వం ఉంది. అమ్మడానికి మనసొప్పదు, ఉంచుకుందామంటే భయం. ఏం చేయమంటారు? (కె. ఎస్., ఆస్టిన్, టెక్సస్)

జవాబు: అమ్మకం సంగతి తర్వాత చూద్దామమ్మా. ముందు అది ఖాళీగా ఉందో లేదో తేలాలి. ఈ రైఫిల్‌లో తూటాలు బ్యారెల్ కింద ఉన్న గొట్టంలో ఒకదాని వెనక ఒకటి ఉంటాయి, పైకి కనబడవు. లీవరు ఒకసారి దించి, చాంబర్ (బ్యారెల్ వెనక, పేలే తూటా కూర్చునే చోటు) ఖాళీగా కనబడగానే తృప్తిపడి మూసేస్తారు చాలామంది. గొట్టంలో తూటా మిగిలి ఉంటే, ఆ మూయడంతోనే అది చాంబర్‌లోకి ఎక్కి కూర్చుంటుంది. కాబట్టి బ్యారెల్ మూతిని మనుషులు లేని వైపు తిప్పి, వేలు ట్రిగ్గరుకు దూరంగా ఉంచి, ఇక ఏమీ బయటికి రాదన్నంతవరకూ లీవరును పూర్తిగా దించుతూ ఎత్తుతూ ఉండాలి. తర్వాత లీవరు దించి ఉంచి, టార్చి వేసి చాంబర్ లోపల చూడాలి. కుడిపక్కనున్న లోడింగ్ గేటును వేలితో లోపలికి నొక్కితే తూటా అంచు కాదు, స్ప్రింగు ముందుండే ఫాలోవర్ కనబడాలి. ఇదంతా కొత్త అనిపిస్తే మీరు ముట్టుకోకండి. ఊళ్లోని గన్‌స్మిత్‌తో మాట్లాడి చేయించుకోవచ్చు.

ఖాళీ అని తేలాక ఇంకో పరీక్ష. పాత 94లకు విడిగా సేఫ్టీ బటన్ లేదు, హాఫ్ కాకే (హ్యామరు సగంలో ఆగే గాడి) దిక్కు. హ్యామరును (తూటాను పేల్చే, వెనక పైకి కనబడే సుత్తి ముక్కను) బొటనవేలితో మెల్లగా వెనక్కి లాగితే మొదట వినబడే క్లిక్కు అదే. అక్కడ ఆపి ట్రిగ్గరు నొక్కితే హ్యామరు కదలకూడదు. పడిపోయిందంటే గాడి అరిగిపోయినట్టే, బాగుచేసేదాకా దాన్ని పేల్చకూడదు. అలాగే హ్యామరు పూర్తిగా ఎక్కించాక లీవరును గట్టిగా బిగించి పట్టుకుంటే తప్ప ట్రిగ్గరు పనిచేయదు. అది లోపం కాదు, ఆ తయారీయే అంత. ఇది తెలియక 'చెడిపోయింది' అని చవగ్గా అమ్ముకున్నవాళ్లున్నారు.

ఇప్పుడు విలువ. రిసీవరు (లీవరు, ట్రిగ్గరు అమర్చిన నడిమి లోహపు భాగం) అడుగున, ముందువైపు సీరియల్ నంబరు ఉంటుంది. అది 27,00,000 లోపైతే 1964కు ముందు తయారైన తుపాకీ. కలెక్టర్లు వెదికేది వాటినే. 1964లో కంపెనీ ఖర్చు తగ్గించుకోవడానికి మరతో చెక్కిన ఉక్కు భాగాల స్థానంలో రేకుతో అచ్చు కొట్టిన క్యారియర్‌ను (తూటాను చాంబర్ ఎత్తుకు లేపే ముక్కను), గట్టి పిన్నుల స్థానంలో చుట్టచుట్టిన బోలు పిన్నులను పెట్టింది. రిసీవరుకు వాడిన లోహం కూడా మారడంతో పాత పద్ధతి బ్లూయింగ్ (ఉక్కుకిచ్చే నీలి-నల్ల పూత) దానికి సరిగా పట్టలేదు. తర్వాత కొన్ని మార్పులు సరిదిద్దారు కానీ పేరు మాత్రం తిరిగి రాలేదు. 1964 తర్వాతవి పేల్చడానికి బాగానే ఉంటాయి, సేకరణకే అంతగా పనికిరావు. 2006లో న్యూ హేవెన్ ఫ్యాక్టరీ మూతపడేనాటికి 70 లక్షలకు పైగా 94లు తయారయ్యాయి. అంచేత 'పాతది కాబట్టి లక్షలు పలుకుతుంది' అన్న ఆశ పెట్టుకోవద్దు. స్మారక ఎడిషన్లని బంగారుపూతతో వచ్చినవాటిదీ అదే కథ. అసలు పెట్టె, కాగితాలు లేకుండా, కొంత పేల్చి ఉన్నదాన్ని మామూలు రైఫిల్ లాగే చూస్తారు.

ధర తగ్గించేవి కళ్లతోనే చూడవచ్చు. రిసీవరు వెనక కర్ర సన్నబడే చోట, లోహం కలిసే అంచుల్లో వెంట్రుకంత పగుళ్లున్నాయేమో చూడండి. ఫ్యాక్టరీ కర్ర లోహం కంటే రవ్వంత ఎత్తుగా ఉంటుంది. వేలితో తడిమినప్పుడు కర్ర కిందికి దిగినట్టు తగిలితే ఎవరో ఇసుక కాగితం పట్టి నునుపు చేశారని అర్థం. టెలిస్కోప్ కోసం రిసీవరు మీద అదనంగా తొలిచిన రంధ్రాలు, కోసి రబ్బరు ప్యాడ్ అతికించిన బట్ (భుజానికి ఆనే వెనక చివర), గాట్లు పడిన మర తలలు... కలెక్టరు ముందుగా చూసేవి ఇవే. బ్యారెల్ మూతి దగ్గర లోపలి గీతలు అరిగాయేమో కూడా చూడాలి. 94ను మూతివైపు నుంచే శుభ్రం చేస్తారు, గైడు లేకుండా తోసిన ఇనుప కడ్డీ ఏళ్లతరబడి అక్కడే రాసుకుంటుంది.

అమ్మదలిస్తే ఆన్‌లైన్‌లో జనం అడుగుతున్న ధరలు కాక, వేలంలో నిజంగా అమ్ముడుపోయిన ధరలు చూడండి. డీలరు నేరుగా కొంటే తన లాభం పోను చాలా తగ్గించే ఇస్తాడు. కమీషన్ మీద అమ్మిపెట్టమంటే మీకు ఎక్కువ మిగులుతుంది, కానీ నెలలు పట్టవచ్చు. రెండు దుకాణాల్లో అడగనిదే ఇవ్వకండి. అత్తయ్యగారిల్లు ఖాళీ చేసే హడావిడిలో మొదటి బేరానికే ఒప్పుకోవడం, మాకు తెలిసి, అందరూ చేసే తప్పు.

ఇంకో రాష్ట్రం నుంచి తెచ్చుకోవడం ఎలా అన్న బెంగ అక్కర్లేదు. వీలునామా ద్వారా గానీ వారసత్వంగా గానీ వచ్చిన రైఫిల్‌ను, తన రాష్ట్రంలో ఉంచుకోవడం చట్టబద్ధమైనంత వరకూ, డీలరు ప్రమేయం లేకుండా తెచ్చుకోనిస్తుంది ఫెడరల్ చట్టం. వీలునామా నకలు ఫైల్లో ఉంచండి. మామగారు బతికుండగా బహుమతిగా ఇచ్చి ఉంటే మాత్రం, రాష్ట్రాలు వేరు కాబట్టి, లైసెన్సున్న డీలరు ద్వారానే రావాలి. విమానంలో తెస్తే తాళం వేసిన గట్టి పెట్టెలో, ఖాళీ రైఫిల్‌ను, చెక్-ఇన్ కౌంటరు దగ్గర చెప్పి సామానులో వేయాలి. కారులో అయితే ఖాళీ చేసి, తాళం వేసిన పెట్టెలో, డిక్కీలో. తూటాలు విడిగా ఉంచాలి.

ఇంట్లో పదకొండేళ్లవాడున్నప్పుడు క్లోజెట్‌లో నిలబెట్టడం కుదరదు. పదిహేడేళ్ల లోపు పిల్లల చేతికి తూటాలున్న తుపాకీ అందేలా వదిలేయడం టెక్సస్‌లో నేరం. తాళమున్న ఉక్కు క్యాబినెట్ కొని గోడకు బిగించండి, తూటాలకు వేరే తాళం. అది వచ్చేలోగా లీవరు దించి, తెరిచిన రిసీవరు గుండా కేబుల్ లాక్ వేయండి. చాలా పోలీసు స్టేషన్లలో ఇవి ఉచితంగా ఇస్తారు. తోలు సంచిలోనో, లోపల స్పాంజి ఉన్న సంచిలోనో దాచకండి. తోలులోని రసాయనాలు, స్పాంజి పట్టుకునే చెమ్మ బ్లూయింగ్‌ను తినేస్తాయి.

ఇక అసలు ప్రశ్న. నంబరు 27 లక్షల లోపు ఉండి, రంధ్రాలు, పైన చెప్పిన మార్పులు లేకపోతే ఉంచుకోండి. దాన్ని అమ్మితే మళ్లీ అలాంటిది అదే ధరకు దొరకదు. తర్వాత కాలంది అయితే తేల్చే పరీక్ష ఒకటే: మీవారు హంటర్ ఎడ్యుకేషన్ క్లాసు చేసి, శిక్షకుడితో షూటింగ్ రేంజికి వెళ్లి, ఇరవై తూటాల పెట్టె ఒకటి (బుల్లెట్టు బరువు 150 లేదా 170 గ్రెయిన్లు) పేల్చి చూడాలి. గట్టి బట్ ప్లేటు భుజానికి తగులుతుంది, అదీ తెలుస్తుంది. ఈ గొట్టంలో ముక్కు చదునుగా ఉన్న తూటాలే వేయాలి. లోహపు మొన వాడిగా ఉన్నది ముందున్న తూటా ప్రైమరుకు (అడుగున మందును అంటించే గుండీకి) ఆనుకుంటుంది, పేలినప్పటి అదురుకు దాన్ని అంటించగలదు. ఈ రైఫిళ్ల కోసమే చేసిన, మొన మెత్తటి ప్లాస్టిక్‌తో ఉండే రకం వేరు, అది వాడవచ్చు. పరీక్ష తర్వాతా ఆయనకు ఆసక్తి కలగకపోతే బంధువుల్లో ఎవరైనా అడుగుతారేమో కనుక్కుని, లేకపోతే అమ్మేయండి. క్యాబినెట్ కొనే ఉద్దేశం లేకపోతే ఈ పరీక్ష కూడా అక్కర్లేదు, ఇప్పుడే అమ్మండి.

ప్రశ్న: నేను హెచ్1బి మీద ఉన్నాను. గ్రీన్ కార్డు ఉన్న మా అన్నయ్య ఇండియా వెళ్లిపోతూ తన రైఫిల్ నా దగ్గర పెడతానంటున్నాడు. పెట్టుకోవచ్చా? (పి. వి., న్యూజెర్సీ)

జవాబు: వద్దు. హెచ్1బి, ఎఫ్1 వంటి తాత్కాలిక వీసాలపై ఉన్నవాళ్లు తుపాకీ గానీ ఒక్క తూటా గానీ కలిగి ఉండడం ఫెడరల్ నేరం, గరిష్ఠ శిక్ష 15 ఏళ్లు. ఏదైనా అమెరికన్ రాష్ట్రం జారీ చేసిన, చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. కానీ అది అడ్డం పెట్టుకుని ముందుకెళ్లేముందు ఇమిగ్రేషన్ లాయరును కలవాలి, శిక్ష పడితే దేశం నుంచి పంపేయడానికీ అది కారణమవుతుంది. పైగా మీ రాష్ట్రంలో రైఫిల్ తీసుకోవడానికి విడిగా ఐడీ కార్డు కావాలి. 'నాది కాదు, అన్నయ్యది' అన్న మాట చెల్లదు. తాళంచెవి ఎవరి దగ్గర ఉందన్నదే చూస్తారు. అన్నయ్యనే లైసెన్సున్న డీలరుకు కమీషన్ మీద ఇచ్చి వెళ్లమనండి.

ప్రశ్న: మా బావగారిచ్చిన మార్లిన్ 336లో రెండు మూడు తూటాలు పేల్చాక లీవరు సగంలో బిగుసుకుపోతోంది. అటూ రాదు, ఇటూ పోదు. రిపేరు చేయించాలా, ఇలాగే అమ్మేయాలా? (వి. ఆర్., ఒహాయో)

జవాబు: ఈ మోడల్‌కు పేరుమోసిన జబ్బే ఇది, మందు కూడా ఖరీదైంది కాదు. లీవరు ముందుకొస అంచు పదునుగా ఉంటుంది. ప్రతిసారీ అది క్యారియర్ అడుగున రాసుకుని మెల్లగా గాడి తొలుస్తుంది. గాడి లోతయ్యేకొద్దీ క్యారియర్ ఉండాల్సిన ఎత్తులో ఉండదు. గొట్టంలో నుంచి వచ్చే తర్వాతి తూటా అంచు దాని కిందికి జారి ఇరుక్కుంటుంది, లీవరు మధ్యలో ఆగిపోతుంది.

ఇరుక్కున్నప్పుడు సుత్తి, బలం వాడకూడదు. లోపల పేలగల తూటా ఉంది, అది గుర్తుంచుకుని గన్‌స్మిత్‌కు అప్పగించండి. ఖాళీగా ఉన్నప్పుడు మాత్రం మీరే చూసుకోవచ్చు: లీవరు మర ఒక్కటి తీస్తే లీవరు వస్తుంది, బోల్టు వెనక్కి లాగితే బయటికొస్తుంది, లోపలున్న ఎజెక్టర్ (ఖాళీ కేసును బయటికి నెట్టే) ముక్క పడిపోకుండా పట్టుకోండి. మర తలకు సరిగ్గా సరిపోయే బిట్ వాడాలి, మామూలు స్క్రూడ్రైవర్ అంచులు చెక్కేస్తుంది. క్యారియర్ అడుగున మెరుస్తున్న గాడి కనబడితే రోగం తేలిపోయింది. లీవరు కొస పదును తగ్గేలా సన్నగా ఏటవాలుగా రాయి పట్టి, క్యారియర్‌ను మార్చడమో, అరిగిన చోట మెటల్ నింపడమో చేస్తారు. మరలు వదులయ్యాయేమో ముందే బిగించి చూడండి, కొన్నిసార్లు గొడవ అక్కడే. ఇంట్లో నింపిన తూటాలైతే బుల్లెట్టు చుట్టూ కేసు అంచు నొక్కుడు (క్రింప్) బిగుతుగా ఉందేమో కూడా చూడాలి. లేకపోతే అది కేసులోకి దిగిపోయి తూటా పొట్టిదవుతుంది, పొట్టి తూటా వల్ల కూడా ఇలాగే ఆగుతుంది.

రిపేరు చేయించండి. చెడిపోయినదిగా అమ్మితే కొనేవాడు తగ్గించే సొమ్ము రిపేరు ఖర్చు కంటే చాలా ఎక్కువ. ఎప్పటిదో తెలుసుకోవాలంటే, 1973 తర్వాతవాటికి సీరియల్‌లోని మొదటి రెండంకెలను 100 నుంచి తీసేయండి: 25తో మొదలైతే 75, అంటే 1975. బ్యారెల్ మీద రిసీవరు దగ్గర 'జేఎం' ముద్ర ఉంటే సాధారణంగా తయారీ రెమింగ్టన్ ఫ్యాక్టరీకి మారకముందుది, అడిగేవాళ్లున్నారు.

ప్రశ్న: తాతగారి సావేజ్ 99 రంగు వెలిసింది. అమ్మేముందు పాలిష్ చేయించి బ్లూయింగ్ వేయిస్తే ధర పెరుగుతుందా? (ఎన్. ఎల్., జార్జియా)

జవాబు: తగ్గుతుంది. పాలిష్ చక్రం పెడితే అక్షరాల అంచులు కరిగిపోతాయి, మర రంధ్రాల చుట్టూ లోహం పల్లమవుతుంది. చూడగానే తెలుస్తుంది. సన్నటి తుప్పుంటే నూనె తడిపిన నాలుగు సున్నాల (0000, అతి సన్నని) ఉక్కు ఉన్నితో, ఒత్తకుండా, ఓ మూల పరీక్షించి మెల్లగా తుడవండి. ఇందులో హ్యామరు ఉండదు, తూటాలు గొట్టంలో కాక సాధారణంగా చక్రంలాంటి మ్యాగజైన్‌లో ఉంటాయి, కాబట్టి మొనదేరిన తూటాలకూ అభ్యంతరం లేదు.

ప్రశ్న: మా ఆఫీసు స్నేహితుడికి అమ్ముతున్నాను. కాగితాలు కావాలా? (ఎస్. ఎం., కొలరాడో)

జవాబు: కావాలి. మీ రాష్ట్రంలో ప్రైవేటు అమ్మకానికీ నేపథ్య పరిశీలన తప్పనిసరి, ఇద్దరూ లైసెన్సున్న డీలరు దగ్గరికి వెళ్లాలి. స్నేహితుడు 4473 ఫారం (కొనేవాళ్లు నింపే ఫెడరల్ పత్రం) నింపుతాడు, డీలరు కొద్ది రుసుము తీసుకుంటాడు. చట్టం అడగని రాష్ట్రాల్లో ఉన్నవాళ్లకూ మా సలహా ఇదే. రసీదులో తయారీదారు, మోడల్, సీరియల్, తేదీ రాసి ఇద్దరూ సంతకాలు చేయండి. మళ్లీ ఎప్పుడైనా ఆ నంబరు గురించి ఫోనొస్తే చూపించడానికి అదే ఆధారం. రైఫిల్‌తో పాటు ఇంట్లో మిగిలిన పాత తూటాల మీద ఆకుపచ్చ చిలుముంటే స్నేహితుడికి ఇవ్వకండి, చెత్తబుట్టలో వేయకండి. ఏ రేంజిలోనో పోలీసు స్టేషన్‌లోనో తీసుకుంటారేమో ముందు ఫోన్ చేసి అడిగి, అక్కడ ఇచ్చేయండి.